కాకిబంగారం నుంచి రాగి దాకా

అమెరికాలో చదువుకున్నానని చెప్పగానే మా గూడూరు వైపు ఎవరైనా అడిగేది ఒకటే: డల్లాసా, న్యూజెర్సీయా? రెండూ కాదు, హోటన్ అంటాను. ఎదుటివాళ్ళ ముఖంలో కొంచెం జాలి కనిపిస్తుంది. పాపం, ఏదో పేరులేని చోట ఇరుక్కుపోయిందనుకుంటారు కాబోలు. అప్పుడు కాగితం తీసుకుని గీసి చూపించాల్సి వస్తుంది. ఇది మిషిగన్ రాష్ట్రం, ఇది దాని ఉత్తరపు ముక్క, ఇందులోంచి సుపీరియర్ సరస్సులోకి పొడుచుకు వెళ్ళింది కీవినా ద్వీపకల్పం, దాన్ని అడ్డంగా కోస్తూ ఒక నీటిపాయ, పాయకు దక్షిణపు ఒడ్డున హోటన్, ఉత్తరపు ఒడ్డున హాంకాక్. రెండు ఊళ్ళ జనాన్ని కలిపినా గూడూరులో నాలుగు వీధులు నిండవు. అక్కడికి 2003 ఆగస్టులో వెళ్ళాను.

ఎందుకు వెళ్ళానో చెప్పాలంటే మా అవ్వ దగ్గర మొదలుపెట్టాలి. ఆమె సైదాపురం దగ్గర అభ్రకం షెడ్డులో పనిచేసింది. గనిలోంచి వచ్చిన దిమ్మెలను చిన్న కత్తితో రేకులు రేకులుగా చీల్చి, అంచులు కోసి, మచ్చ ఉన్నవి ఒక గంపలో, లేనివి ఒక గంపలో వేయడం ఆమె పని. నాయన అక్కడే లెక్కలు రాసేవాడు. కాకిబంగారం అని మేము ఏరుకుని ఆడుకున్న ఆ తళుకు రాయి రెండో ప్రపంచ యుద్ధంలో రేడియో పరికరాల్లోకి వెళ్ళిందనీ, ఇస్త్రీపెట్టెలో తీగ చుట్టేది దాని రేకు మీదేననీ ఆయన చెబితేనే తెలిసింది. నేను హైస్కూలుకు వచ్చేసరికి సరుకు కొనే సోవియట్ యూనియనే లేకుండా పోయింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. నాయన కొద్దిపాటి నిమ్మతోట చూసుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో అందరూ వదిలేసిన రాళ్ళను నేను పట్టుకున్నాను. తిరుపతిలో, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం ఎమ్మెస్సీ చేశాను. "గనుల గురించే చదవాలనుకుంటే గనుల కోసం పుట్టిన కాలేజీకి వెళ్ళమ్మా" అని అక్కడి మా సార్ ఒకాయన హోటన్ పేరు చెప్పారు. అక్కడి రాగి గనుల కోసం 1885లో మైనింగ్ స్కూలుగా మొదలై తర్వాత మిషిగన్ టెక్ అయిన విశ్వవిద్యాలయం అది.

ఆ ఏడు మార్చిలో, మొహర్రం రోజుల్లో, అమ్మ నెల్లూరు బారాషహీద్ దర్గాకు వెళ్ళి స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి చదువు రొట్టె పట్టుకుంది. రొట్టెల పండగ తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: కోరిక ఉన్నవాళ్ళు, అదే కోరిక తీరినవాళ్ళ చేతి నుంచి రొట్టె అందుకోవాలి. తమది తీరాక మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె, సంతానం రొట్టె, దేనికది వేరు. విదేశీ రొట్టె కూడా ఉంటుంది. అమ్మ దాని జోలికి పోలేదు. "చదువు అడిగాను, దూరం అడగలేదు" అన్నది తర్వాత. వచ్చింది మాత్రం రెండూ.

పెళ్ళి చేసి పంపితే ఇద్దరూ కలిసి పోయేవాళ్ళు కదా అని మా పిన్ని రోజూ అనేది. "రాళ్ళు చదివే పిల్లకు రాళ్ళు చదివే అల్లుణ్ణి ఎక్కడినుంచి తేను?" అని నాయన తప్పించుకునేవాడు. హైదరాబాదులో అమెరికా కాన్సులేట్ వచ్చింది 2008లో. అప్పటిదాకా రాష్ట్రమంతా వీసాకు మద్రాసే వెళ్ళాలి. అందులో మాకు లాభం. తెల్లవారుజామున గూడూరులో రైలెక్కితే ఆఫీసు తెరిచే వేళకు జెమినీ ఫ్లైఓవర్ పక్కన ఉన్నాం. వరసలో మా ముందు నిలబడ్డ అబ్బాయి విజయనగరం నుంచి వచ్చాడు, రాత్రంతా నిద్ర లేదు పాపం. లోపల అధికారి నా కాగితాలు తిరగేసి, అంత చలి ఊరికి ఎందుకు అన్నాడు. గనులున్నాయి కాబట్టి అన్నాను. "ఉన్నాయి కాదు, ఉండేవి" అని సరిదిద్దాడు. ఆయనది కూడా ఆ వైపేనేమో, నవ్వుతూనే వీసా ఇచ్చాడు.

అప్పట్లో అమెరికాకు 32 కిలోల పెట్టెలు రెండు తీసుకుపోనిచ్చేవారు. అందులో బట్టల వాటా తక్కువ. కందిపొడి, చింతపండు, గోంగూర, వడియాలు, కుక్కరు, ఉదయగిరి చెక్క గరిటెలు. ఎండలు మండే ఊళ్ళో జూలై నెలలో స్వెట్టరు ఎవరమ్ముతారు? మద్రాసు అంతా తిరిగి ఒకటి సంపాదించాం. అది హోటన్‌లో సెప్టెంబరు దాటలేదు. తర్వాత పాత బట్టల దుకాణంలో, ఎవరో ఇచ్చేసిన మోకాళ్ళ కిందికి వచ్చే కోటు కొన్నాను. ఇప్పటికీ చెబుతాను, చలి ఊరికి వెళ్ళే పిల్లలు ఇక్కడ చలిబట్టలు కొనడం శుద్ధ దండగ. ఆ డబ్బు చేతిలో పెట్టుకుని వెళ్ళి అక్కడే కొనుక్కోవాలి.

దిగిన రోజు నన్ను బెదరగొట్టింది చలి కాదు, వెలుగు. రాత్రి ఎనిమిదిన్నర అవుతున్నా పొద్దు పోలేదు. తూర్పు కాలమానం పాటించే ప్రాంతానికి బాగా పడమటి చివరన ఉంది ఆ ఊరు. అందుకని వేసవిలో పొద్దు ఎంతకీ కుంకదు, డిసెంబరులో ఎనిమిదింటికి కూడా తెల్లవారదు. దీపం పెట్టే వేళ ఏదో తెలియని ఊళ్ళో ఆకలి వేళా తెలియలేదు. ఇక నిశ్శబ్దం. గూడూరు జంక్షనులో రైళ్ళ కూతల మధ్య పెరిగినదాన్ని. అక్కడ కిటికీ తెరిస్తే ఏమీ వినిపించేది కాదు. ఇంట్లో నాతో ఉన్న అమ్మాయిల్లో ఒకరిది పుణె, ఒకరిది కోల్‌కతా. మంచివాళ్ళే. కానీ కలలో అరిస్తే ఏమన్నానో అర్థమయ్యేవాళ్ళు ఇంట్లో లేరు.

చదువు సంగతి. మన దగ్గర ఏడాదంతా విని, చివర మూడు గంటల్లో కక్కేయడం అలవాటు. అక్కడ మొదటి రోజే ఒక కాగితం ఇచ్చారు. ఏ వారం ఏ పాఠం, ఏ పనికి ఎంత శాతం మార్కులు, మధ్యలో పరీక్షలు ఎప్పుడు, ప్రొఫెసర్ గదిలో ఎప్పుడు దొరుకుతారు, అన్నీ అందులో ఉన్నాయి. వారం వారం ఏదో ఒకటి రాసి ఇవ్వాలి. ఇది కష్టమని అందరూ అంటారు గానీ నాకు అదే నయమనిపించింది. ఎక్కడ వెనకబడ్డామో పదిహేను రోజుల్లో తెలిసిపోతుంది. కష్టమైంది ఇంకొకటి. ప్రొఫెసర్ని పేరుతో పిలవాలి. అరవై ఏళ్ళ మనిషి, తెల్లటి గడ్డం. నోరు రాలేదు. ఆ సెమిస్టరంతా ఆయన్ను ఏ పేరుతోనూ పిలవకుండా, ఎదురుగా వెళ్ళి నిలబడి ఆయనే చూసేదాకా ఆగేదాన్ని.

ఫీజు మాఫీ, నెలనెలా కొంత జీతం కింద నాకిచ్చిన పని మొదటి ఏడాది పిల్లలకు ఖనిజాల ప్రయోగశాల నడపడం. చదువుకునే వీసా మీద ఉన్నవాళ్ళు చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ ఇరవైలో సగం వాళ్ళ రాతలు దిద్దడానికే పోయేది. నా ఇంగ్లీషు తిరుపతిలో అందరికీ అర్థమయ్యేది. హోటన్ పిల్లలకు ప్రతి వాక్యం రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. బోర్డు మీద రాయడం ఎక్కువ చేశాను. నిదానంగా మాట్లాడటం అలవరచుకున్నాను. అయినా మొదటి నెలలో ఆ గదిలోకి అడుగుపెట్టే ముందు గుక్కెడు నీళ్ళు తాగి వెళ్ళేదాన్ని.

అభ్రకం పాఠం వచ్చిన వారం మాత్రం వేరు. నమూనాల పెట్టెలోది చిన్న ముక్క, అరిగిపోయింది. నేను పెట్టెలో తెచ్చుకున్న సైదాపురం దిమ్మె బల్ల మీద పెట్టాను. నెల్లూరు అభ్రకానికి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, దీపం కింద అది తేలిగ్గా తెలుస్తుంది. అవ్వ చేసినట్టే కత్తి మొన అంచులో దింపి ఒక పొర లేపాను. మళ్ళీ దాంట్లోంచి ఒకటి, మళ్ళీ ఇంకొకటి, పట్టుకుంటే ఊపిరికి ఎగిరిపోయేంత పలచన అయ్యేదాకా. అణువుల అమరికలో పొరకూ పొరకూ మధ్య పట్టు బలహీనంగా ఉంటుంది కాబట్టి ఇలా చీలుతుందని పుస్తకం చెబుతుంది. ఆ రోజు పుస్తకం ఎవరూ తెరవలేదు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగారు. మా అవ్వ దగ్గర అన్నాను. ఆ తర్వాత పిల్లలు నా మాట అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడగడం మొదలుపెట్టారు. నేనూ మొహమాటపడకుండా వాళ్ళను మళ్ళీ చెప్పమన్నాను. సగం తప్పు వాళ్ళ ఉచ్చారణది కూడా కదా!

అక్టోబరులో మంచు మొదలైంది. ఏడాదికి సగటున 200 అంగుళాలకు పైగా పడే చోటు. ద్వీపకల్పం ఉత్తరాన రోడ్డు పక్కన ఎత్తుగా ఒక కొలబద్ద పాతి ఉంది, 1978-79 చలికాలంలో పడ్డ 390.4 అంగుళాలు దాని మీద గుర్తు పెట్టారు. అంటే పది మీటర్లకు కాస్త తక్కువ. నాయనకు ఫోనులో చెబితే, అంకె తప్పు విన్నాననుకుని మళ్ళీ చెప్పమన్నాడు. ఫోన్ కార్డులో నిమిషాలు ఆ లెక్కకే అయిపోయాయి. ఆ కార్డుల సంగతి వేరే చెప్పాలి. అట్ట మీద రాసిన నిమిషాలకూ మనం మాట్లాడగలిగిన నిమిషాలకూ ఏ పొంతనా ఉండేది కాదు.

ఈ మంచు ఎందుకింత పడుతుందో తరగతిలో చెప్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. వాయవ్యం నుంచి వచ్చే పొడి చలిగాలి, ఇంకా వెచ్చగా ఉన్న సుపీరియర్ సరస్సు మీదుగా వస్తూ తేమ తాగుతుంది, ద్వీపకల్పం గట్టు తగలగానే కుమ్మరిస్తుంది. మాకు జరిగేదీ అదే కదా. నైరుతి రుతుపవనాలు మా జిల్లాకు పెద్దగా ఏమీ ఇవ్వవు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు గాలి బంగాళాఖాతం మీదుగా తేమ మోసుకొచ్చి చెరువులు నింపాలి. అవే నెలలు, అదే పద్ధతి, నీళ్ళకు బదులు మంచు. ఆ తర్వాత నాయనతో ఫోనులో వాతావరణం మాట్లాడటం తేలికైంది. "చెరువు నిండిందా?" అని నేను, "ఎన్ని అడుగులు పడింది?" అని ఆయన.

మా ఇంటి యజమాని కింది వాటాలో ఉండేవాడు. డెబ్బై దాటిన మనిషి. ఫిన్లాండు నుంచి గనుల కోసం వచ్చిన కుటుంబం. ఆ వైపు సగం ఊళ్ళ కథ అదే. మంచు మీద నడక నేర్పింది ఆయనే: బాతులాగా పాదాలు కొంచెం ఎడంగా వేసి, బరువు ముందు కాలి మీద ఉంచి నడవాలి. వాకిట్లో మంచు ఎత్తిపోసేటప్పుడు పార నింపవద్దు, సగమే ఎత్తు అనేవాడు. ఎక్కువ మాట్లాడడు. పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చి తలుపు వేసుకునేవాడు. మొదట్లో నేనంటే ఇష్టం లేదనుకున్నాను. వాళ్ళ మర్యాదే అంత అని పుణె అమ్మాయి చెప్పింది.

నాయనకు గని ఉద్యోగమని ఏదో సందర్భంలో అన్నాను. ఆ ఆదివారం ఆయనే పైకి వచ్చి తలుపు కొట్టి, క్విన్సీ గని చూశావా అని అడిగాడు. హాంకాక్ కొండ మీద ఉంది అది. 1846లో మొదలై 1945లో ఆగిపోయింది. ఏటవాలు బావి 9,000 అడుగులు దాటి కిందికి పోతుంది. పంపులు ఆపేశాక నీళ్ళు అడుగు నుంచి లేచి, పైనుంచి లెక్కపెడితే ఏడో అంతస్తు దాకా వచ్చి నిలిచాయి. సందర్శకులు చూడగలిగేది ఆ ఏడో అంతస్తే. వేసవైనా, చలికాలమైనా లోపల ఒకే చలి. వాళ్ళ నాన్న పనిచేసింది అక్కడ. ఈయన పనిచేసింది ఇంకో గనిలో, 1968 సమ్మె తర్వాత అది మళ్ళీ తెరుచుకోలేదు. లోపల ఆయన చెప్పిందల్లా పనిముట్ల పేర్లు, ఏ పక్కన ఎవరు నిలబడేవాళ్ళు, సద్ది ఎక్కడ తినేవాళ్ళు, అంతే. కార్న్‌వాల్ నుంచి వచ్చిన గనివాళ్ళు తెచ్చిన పేస్టీ అని ఒక తిండి అక్కడ ఇప్పటికీ ఉంది. మాంసం, బంగాళదుంప, ఒక రకం దుంపముల్లంగి పిండిలో పెట్టి మూసి కాలుస్తారు. గనిలోకి చేత్తో పట్టుకుపోవడానికి వీలుగా ఉంటుంది. నేను కూరగాయలది తిన్నాను, ఉప్పూ కారం లేదు. కానీ గనిలోకి సద్ది పట్టుకెళ్ళే సంగతి ఎవరూ నాకు విడమరచి చెప్పక్కర్లేదు. కలిచేడు దగ్గర వానలకు నిండిపోయిన పాత గుంటలు చూపించి నాయన కూడా ఇలాగే పేర్లు చెప్పుకుంటూ పోయేవాడు.

బెంగ తీరాలంటే మనవాళ్ళు ఉండాలి, మన తిండి ఉండాలి అంటారు. నాకు అలా జరగలేదు. బెంగ తగ్గింది ఆ ముసలాయన వల్ల. ఇంటి నుంచి భూమికి అవతలి వైపు వచ్చి పడ్డాననుకుంటే, వచ్చింది మళ్ళీ గనులు మూతపడ్డ ఊరికే. అక్కడి మనుషుల గొణుగుడు నాకు తెలిసిన గొణుగుడే.

తిండి అక్కర్లేదని కాదు సుమా! మంచు ముదరకముందే అద్దె కారులో నలుగురం చికాగో డెవాన్ అవెన్యూకు వెళ్ళి ఆర్నెల్లకు సరిపడా పప్పులు, కారం తెచ్చుకున్నాం. చేపల పులుసు మాత్రం నా పంతం. సుపీరియర్ సరస్సు చేపల్లో తెల్ల చేప అని చాలా పేరున్నది ఉంది, పులుసులో వేస్తే విడిపోయి ముద్దయింది. ట్రౌట్ నిలబడింది. మామిడికాయకు బదులు పుల్లటి పచ్చ ఆపిల్ ముక్కలు వేశాను. నెల్లూరు వాళ్ళు క్షమించాలి, బాగానే ఉంది. మా పులుసు మరునాడు తింటేనే రుచి కాబట్టి గిన్నె బాల్కనీలో మంచులో పెట్టాను. పొద్దున చూస్తే గరిటె దిగలేదు.

సంక్రాంతికి ముగ్గు వేద్దామని వాకిట్లోకి దిగాక తెలిసింది, నేలా తెలుపే పిండీ తెలుపే. పసుపు, కాఫీపొడి కలిపి వేశాను. పక్కింటి పిల్లలు ఫిబ్రవరిలో జరిగే మంచు బొమ్మల పోటీకి సాధన అనుకున్నారు. ఆ మార్చిలో అమ్మ మళ్ళీ నెల్లూరు వెళ్ళి తన రొట్టె ఇంకొకరికి ఇచ్చింది. కందుకూరు నుంచి వచ్చిన ఒకావిడకట, కొడుకు చదువు కోసం. "నువ్వు బాగున్నావని చెప్పే ఇచ్చాను, అబద్ధం కాదు కదా తల్లీ?" అని ఫోనులో అడిగింది. కాదమ్మా అన్నాను. అప్పటికి అది నిజంగానే అబద్ధం కాదు.

2004 క్రిస్మస్ రాత్రి ఇంట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. సుమత్రా దగ్గర పెద్ద భూకంపం అని కంప్యూటర్లో చూశాను. తీవ్రత అంకె చూడగానే చదివిన చదువంతా కడుపులోకి దిగింది. మనకు 26వ తేదీ ఉదయం అది. మా పెద్దమ్మ వాళ్ళది వాకాడు వైపు, తూపిలిపాలెం తీరానికి దగ్గర. గూడూరుకు ఫోను కలవదు, కలిసినా అవతల ఎత్తరు. అలలు అప్పటికే మా తీరాన్ని తాకి ఉంటాయని లెక్క వేయగలను. లెక్క వేయడం తప్ప ఏమీ చేయలేను. తెల్లవార్లూ కింద ముసలాయన ఇంట్లోనే కూర్చున్నాను. ఆయన కాఫీ పెట్టి, టీవీ శబ్దం తగ్గించి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నాడు. మరునాటికి నాయన గొంతు వినిపించింది. పెద్దమ్మ వాళ్ళు క్షేమం. పడవలు, వలలు పోయాయి. మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారని తర్వాత తెలిసింది. తమిళనాడులో ఎన్ని వేలమందో.

జనవరిలో తరగతులు మొదలయ్యాక ప్రొఫెసర్ ఒక రోజు పాఠం నన్ను చెప్పమన్నారు. సముద్రపు అడుగు ఎలా పైకి లేచిందో, నడిసముద్రంలో తెలియని అల ఒడ్డు దగ్గర ఎందుకు లేస్తుందో చెప్పాను. తర్వాత బోర్డు మీద నెల్లూరు తీరం గీసి ఊళ్ళ పేర్లు రాశాను. మైపాడు, కృష్ణపట్నం, తూపిలిపాలెం. ఒక్కో పేరూ పలికించాను. ఆ రోజు మళ్ళీ చెప్పమని ఎవరూ అనలేదు. బయటికి వస్తూ ఆయన్ను మొదటిసారి పేరుతో పిలిచి థాంక్స్ చెప్పాను.

2005 ఆగస్టులో తిరుపతి నుంచి మా జూనియర్ అబ్బాయి ఒకడు వస్తుంటే తీసుకురావడానికి ముసలాయన పాత ట్రక్కులోనే విమానాశ్రయానికి వెళ్ళాను. ఒంగోలు పిల్లవాడు. చేతిలో మూడు స్వెట్టర్లు. వంతెన దగ్గర పడవకు దారి ఇవ్వడానికి మధ్య భాగం పైకి లేచి ఉంది, ఆగాం. దాన్ని నోరు తెరుచుకుని చూసి, కాసేపటికి తేరుకుని, ఇక్కడ మనవాళ్ళు ఎంతమంది ఉంటారక్కా అని అడిగాడు. లెక్కపెట్టి చెప్పాను, మా ఇంటాయన్ను కూడా కలిపి. ఆయనది నెల్లూరేనా అన్నాడు. కాదు, ఆ కొండ మీది హాంకాక్ అన్నాను. వంతెన దిగుతోంది, ట్రక్కు స్టార్ట్ చేశాను.